రెండు పాయింటు ఎనిమిది నాలుగు

ఆరేళ్లుగా ఒక తప్పు నాతో పాటు డ్యూటీకి వస్తాంది, నాతో పాటే ఇంటికి పోతాంది. ఎవరికీ చెప్పలేదు. మా ఇంటాయనకి చెప్పలేదు. ఆదివారం ప్రార్థనలో మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా దాని పేరు పెట్టి చెప్పలేదు. "తెలిసీ తెలియక చేసిన పాపాలు" అని అందరూ అంటుంటే ఆ గుంపులో దాన్నీ కలిపేసినాను. తెలియక చేసింది కాదది. తెలిసే చేసినాను.

ఇన్నాళ్లూ నాది బాధ అనుకుంటా వచ్చినాను. బాధ కూడా కాదు. విసుగు. చేసిన పని మీద ఎంత విసుగో, దానికి నేను వెతికి పెట్టుకున్న సాకుల మీద అంతకు రెండింతలు విసుగు. ఆ సాకులు వినీ వినీ నా చెవులకే రోత పుట్టింది. మీరెవరో నాకు తెలీదు, నా పేరు మీకు తెలీదు. ఈ ఒక్కసారి సాకు లేకుండా చెప్పుకోనీండి. మధ్యలో ఎక్కడన్నా సాకు దూరితే మీరే పట్టుకోండి.

నేను ఆదోనిలో ఒక చిన్న ల్యాబులో పని చేస్తాను. రక్తం తీస్తాను. షుగరు, టైఫాయిడు, మలేరియా మాదిరివి మేమే చేస్తాం. మా దగ్గర కాని పెద్ద పరీక్షలుంటే ట్యూబులు ఐసుపెట్టెలో పెట్టి సాయంత్రం నాలుగింటికి కర్నూలులోని ఇంకో ల్యాబుకి పంపుతాం. మరుసటి రోజు వాళ్లు ఫోనులో నంబర్లు పంపుతారు. వాటిని మా కాయితం మీద కొట్టి ఇస్తాం. కొట్టేది నేనే. మా సారు పొద్దున్నే వచ్చి, ఒక కట్ట ఖాళీ కాయితాల మీద సంతకాలు పెట్టి పోతాడు. పైన ఏం రాస్తామో ఆయన చూడడు. నా మీద అంత నమ్మకం.

రంగప్పది ఎమ్మిగనూరు. మగ్గం నేసేవాడు. అరవై దాటలేదు గానీ, ఎండు మనిషి, పెద్దగా కనిపిస్తాడు. విరేచనంలో రక్తం పడుతోందని ఏడాది పాటు మొలలనుకుని నాటు మందులు తిన్నాడు. ఆదోనిలో కాపురముండే కూతురు ఇక్కడి డాక్టరుకి చూపిస్తే, ఆయన అనుమానపడి కర్నూలు పంపినాడు. పెద్ద పేగులో క్యాన్సరు. ఆపరేషను చేసి ఆ ముక్క తీసేసినారు. తర్వాత ఆరు నెలలు కీమో ఎక్కించినారు. అది అయినాక మూడు నెలలకొకసారి ఒక రక్త పరీక్ష చేయించుకోమన్నారు. సీఈఏ అంటారు దాన్ని. ఆ జబ్బు ఒంట్లో మళ్లీ ఎక్కడన్నా తల ఎత్తితే రక్తంలో ఆ నంబరు పెరుగుతాది. అందరికీ పెరగదు, పెరిగిన ప్రతిసారీ జబ్బే అని కూడా కాదు. కానీ రంగప్ప మాదిరి వాళ్లకి, ఆపరేషనుకి ముందు ఎక్కువుండి తర్వాత తగ్గినవాళ్లకి, అది కాపలా కుక్క అరుపు లాంటిది. మనిషికి నొప్పి తెలియక ముందే అరుస్తాది.

కర్నూలు డాక్టరు రంగప్పకి ఒకటే మాట చెప్పినాడంట. "నంబరు అయిదు దాటితే ఆ రోజే బస్సెక్కి రా. స్కానింగు తీస్తాం. దాటకుంటే ఆరు నెలలకి రా." ఈ మాట నాకెట్ల తెలుసు? రంగప్పే చెప్పినాడు. ఒకసారి కాదు. వచ్చిన ప్రతిసారీ చెప్పినాడు.

ఎమ్మిగనూరులో ల్యాబులు లేక కాదు ఆయన మా దగ్గరికి రావడం. మొదటిసారి రక్తం తీసింది నేనే, నా చెయ్యి మంచిదని ఆయన నమ్మకం. పొద్దున తొమ్మిదిన్నర బస్సు దిగి నేరుగా వచ్చి, నా ముందరి కుర్చీలో కూర్చుని మాటలు మొదలు పెట్టేవాడు. బెంచీ మీద ఆస్పరి నుంచి, ఆలూరు నుంచి జ్వరాలతో వచ్చినవాళ్లు మూలుగుతా ఉంటారు. ఆయనకి అది పట్టదు. పేగు కోసిన కథ మొదటి నుంచి చెప్తాడు. నూలుకి నంబరుంటాదంట. అరవై నంబరు నూలు, ఎనభై నంబరు నూలు. నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుందంట, చీర బాగుంటాదంట. "మా నూలుకేమో నంబరు పెరగాల, ఈ రక్తానికేమో తగ్గాల, సూసినావా పాపా" అని నవ్వుతాడు. మొదటిసారి నేనూ నవ్వినాను. నాలుగోసారి కూడా అదే మాట, అదే నవ్వు.

కీమో ఎక్కించీ ఎక్కించీ ఆయన నరాలు గట్టిపడి లోపలికి పోయినాయి. రెండు మూడుసార్లు గుచ్చితే గానీ రక్తం రాదు. గుచ్చినంతసేపూ ఆయన నన్నే ఊరడిస్తాడు. "కానీ తల్లీ, నాకేం నొప్పి లేదు" అంటాడు. నొప్పి పడినవాడు అరిస్తే నాకు కోపమొచ్చేది కాదు. ఆయన ఓర్పు నాకు ఇంకా విసుగు తెప్పించేది. ఎందుకో ఇప్పటికీ తెలీదు. మంచివాళ్ల మీద మనకు ఎందుకంత విసుగు వస్తాది?

నంబర్లు ఆయనకి నోటికి వచ్చు. అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. ఆపరేషనుకి ముందు ముప్పై ఎనిమిది. తర్వాత మూడు పాయింటు ఒకటి. తర్వాత రెండు పాయింటు ఆరు. ఆ తర్వాత రెండు పాయింటు ఎనిమిది నాలుగు. ఫోనులో పంపుతానంటే వినడు. కాయితమే కావాల. దానికోసం మళ్లీ మరుసటి రోజు ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చేవాడు.

అది మే నెల. సోమవారం. కరెంటు పోయి వస్తాంది. బెంచీ నిండా జనం. రంగప్ప చేతికి మూడోసారి గుచ్చితే రక్తం వచ్చింది. ట్యూబు నింపినాను. ఆయన నూలు నంబరు కథ మొదలు పెట్టినాడు. ట్యూబును పక్కన కిటికీ గట్టు మీది స్టాండులో పెట్టి, ఆయన చేతికి దూది అదిమి, "పట్టుకో, లెయ్యి" అని తరువాతి మనిషిని పిలిచినాను. ఆ ట్యూబును మిషన్‌లో తిప్పి, పైన తేలే పసుపు నీళ్లు తీసి, ఐసుపెట్టెలో పెట్టాల. పెట్టలేదు. మర్చిపోయినాను. నాలుగింటికి పెట్టె పోయింది.

మరుసటి రోజు పొద్దున కిటికీ దగ్గర ఊడుస్తుంటే కనపడింది. రాత్రంతా ఆ ఉడుకులో ఉండి రక్తం పాడైపోయింది. పైన తేలిన నీళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి. పరీక్షకి పనికి రాదు.

ఇంతవరకూ జరిగింది తప్పు కాదు, పొరపాటు. ఏ ల్యాబులోనైనా జరుగుతాది. దానికి మందు కూడా ఉంది. "పెద్దాయనా, నిన్నటి రక్తం పాడైంది, మళ్లీ ఇయ్యాల" అంటే చాలు. ఆయన వచ్చే దారిలో ఉన్నాడు. ఇంకో గంటకి నా ముందర కూర్చుంటాడు. చెయ్యి చాపుతాడు కూడా. ఒక్క మాట కూడా అనడు.

ఇక్కడే నా సాకు తలుపు తట్టుతాది, చూడండి. పాపం ఆ నరాలు, మళ్లీ మూడుసార్లు గుచ్చాల, ముసలాయన మీద జాలితో చేసినాను అంటుంది. ఎన్నేళ్లు నమ్మినానో ఈ మాటని! జాలి కాదు. నాకు ఆ రోజు ఆయన మాటలు ఇంకోసారి వినే ఓపిక లేదు. నా పొరపాటు ఒప్పుకునే ఓపిక లేదు. మళ్లీ గుచ్చడం, మళ్లీ ఆయన నన్ను ఊరడించడం, మళ్లీ కాయితానికి రేపు రావడం, మళ్లీ నూలు కథ. వద్దనిపించింది. అంతే. ఇంత చిన్న కారణం. దీనికంటే పెద్ద కారణం ఏదన్నా ఉంటే బాగుండునని ఎంత వెతుక్కున్నానో.

కంప్యూటర్లో ఆయన పాత రిపోర్టు తెరిచినాను. తేదీ మార్చినాను. నంబరు మార్చలేదు. ఎందుకు మార్చలేదో చెప్పనా? నవ్వు వస్తాది మీకు. కొత్త నంబరు కల్పిస్తే అబద్ధమవుతుంది, పాతది ఉన్నదే కదా అనుకున్యాను. దొంగతనం చేసేవాడు చెప్పులు గుమ్మం బయట విడిచి పోయినట్టు. సంతకం ముందే ఉంది. కాయితం ప్రింటర్లో నుంచి బయటికి వచ్చింది.

పదింటికి రంగప్ప వచ్చినాడు. కాయితం తీసుకుని వెలుతురులోకి పోయి, కళ్లకు దూరంగా పెట్టుకుని చూసినాడు. పోతాడనుకున్యాను. పోలేదు. మళ్లీ నా దగ్గరికి వచ్చినాడు.

"పాపా, ఇది కొత్తదేనా?"

"తేదీ చూడలేదా? కొత్తదే."

"రెండు పాయింటు ఎనిమిది నాలుగు. పోయినసారీ రెండు పాయింటు ఎనిమిది నాలుగే ఉండె."

"మంచిదే కదా. పెరగలేదు."

"మంచిదే. అయితే..." కాయితం వైపు చూసినాడు. "ఒకే నూలు, ఒకే మగ్గం, నేసేదీ నేనే. అయినా రెండు సీరలు ఒకే తూకం తూగవు పాపా. సిన్న తేడా అన్నా వస్తాది. రక్తం అట్ల తూగుతాదా?"

నాకు ఒళ్లు మండింది. భయంతో మండింది. కానీ బయటికి వచ్చింది కోపం.

"ఏమప్పా, నేను దొంగ రిపోర్టు ఇచ్చినానంటావా? నమ్మకం లేకుంటే ఇంకో ల్యాబు చూసుకో. నీ ఒక్కనికే కాదు, ఇంతమందికి జవాబు చెప్పాల నేను ఈడ."

బెంచీ మీది జనం అంతా ఆయన వైపు చూసినారు. ఎవరో "పో పెద్దాయనా, పని చేసుకోనీ ఆయమ్మని" అన్నారు కూడా. రంగప్ప మొహం చిన్నబోయింది. కాయితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"అయ్యో, అట్లంటావేం తల్లీ. సదువు లేనోన్ని, ఏదో అడిగినా. తప్పు పట్టుకోవద్దు. నీ సెయ్యి సల్లగుండాల."

నాకు క్షమాపణ చెప్పి పోయినాడు. ఆయన నాకు.

తప్పు ఆ కాయితం కొట్టినప్పుడు సగమే జరిగిందని నాకు ఇప్పుడు అనిపిస్తాది. మిగతా సగం ఈ మాటలతో జరిగింది. ఆ మనిషికి అనుమానం వచ్చింది. సరైన అనుమానం. డాక్టర్లకి రానిది, మా సారుకి రానిది, మగ్గం నేసేవానికి వచ్చింది. నేను నాలుగు మాటలతో దాన్ని ఆయన లోపలే చంపేసినాను. ఆ రోజు నేను గమ్మున ఉండి ఉంటే, ఆయన ఏ ఎమ్మిగనూరు ల్యాబులోనో ఇంకోసారి చేయించుకునేవాడేమో. నా మీద నమ్మకం పోయిందని నేను బాధపడతానని ఎక్కడా చేయించుకోలేదు. ఇది నా ఊహ కాదు. తర్వాత ఆయన కూతురు చెప్పింది.

మూడు నెలలకు మళ్లీ వచ్చినాడు. ఆ రోజు మాటలు తక్కువ. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. ఆయన ట్యూబును నేను చేత్తో పట్టుకునే తిరిగినాను, పెట్టెలో పెట్టేదాకా. మరుసటి రోజు కర్నూలు నుంచి నంబరు వచ్చింది. డెబ్బై ఒకటి.

ఫోనులో ఆ అంకె ఎంతసేపు చూసినానో. పదిహేడేమో, తిరగేసి కొట్టినారేమో అని వాళ్లకి ఫోను చేసినాను. పదిహేడైనా మంచిది కాదు. అయినా అడిగినాను. కాదు, డెబ్బై ఒకటే.

కర్నూలు పోయినారు. స్కానింగులో కాలేయం నిండా మచ్చలు. మూడు నెలల ముందు రెండు పాయింటు ఎనిమిది నాలుగున్న మనిషికి ఇంత తొందరగా ఎట్లా పాకిందని డాక్టరు కూడా ఆశ్చర్యపడినాడంట. మా కాయితాన్ని తిప్పి తిప్పి చూసినాడంట. కొందరికి ఇట్లనే వస్తాది అని చెప్పి పంపించినాడంట. మా కాయితం తప్పని ఆయనకి మాత్రం ఎందుకు తోస్తుంది?

ఆ రోజు ఆ ట్యూబులో ఎంత ఉండిందో నాకు తెలీదు. ఇదే నన్ను తినేది. నిజంగా రెండు పాయింటు చిల్లరే ఉండిందేమో. ఎనిమిదేమో. ఇరవయ్యేమో. ఒకసారి మా ల్యాబుకి వచ్చిన ఒక డాక్టరుని, ఎవరి విషయమో మాదిరిగా అడిగినాను. మూడు నెలల ముందు తెలిసుంటే ఏమన్నా తేడా ఉండేదా సార్ అని. "కాలేయంలో ఒకటి రెండు మచ్చలే ఉంటే కొందరికి కోసి తీసేస్తారమ్మా, వాళ్లు బాగానే బతుకుతారు. అన్నీ ఉంటే కష్టం. అప్పుడు ఎన్ని ఉన్నాయో చూస్తే గదా చెప్పేది" అన్నాడు. చూస్తే గదా. చూడకుండా చేసింది నేను. ఆయనని నేను చంపినాను అని చెప్పే హక్కు కూడా నాకు లేదు, చంపలేదు అని చెప్పే హక్కూ లేదు. ఏదో ఒకటి తేలితే అన్నా పడి ఏడ్చేదాన్ని.

ఇంకొకటి ఉంది. దీన్ని రాయకుండా దాటేద్దామని చూసినాను. రాస్తాను.

కర్నూలు నుంచి వచ్చినాక రంగప్ప ఒకసారి కూతురితో ల్యాబుకి వచ్చినాడు, వేరే పరీక్షకి. కూతురు మందుల షాపుకి పోయినప్పుడు నా పక్కకి వంగి, గొంతు తగ్గించి ఒక సంగతి చెప్పినాడు. ఆపరేషనుతో మానేసిన బీడీలు ఆ ఎండాకాలంలో మళ్లీ పట్టినాడంట. రోజుకి ఒకటి రెండు, ఇంట్లో తెలీకుండా. నంబరు బాగుంది కదా అని ధైర్యం వచ్చిందంట. దాంతోనే జబ్బు తిరగబడిందని ఆయన నమ్మకం. నా చేతులారా నేనే తెచ్చుకుంటి, ఆడోళ్లకి ఏం మొహం పెట్టుకుని చెప్పేది, అన్నాడు. చెప్తూ ఏడ్చినాడు.

రెండు బీడీలతో కాలేయం నిండా మచ్చలు రావని నాకు తెలుసు. నంబరు బాగుందని ఆయనకి ఎవరు చెప్పినారో కూడా నాకు తెలుసు. నేనేమన్నానో తెలుసా? "ఇప్పుడవన్నీ ఎందుకులే పెద్దాయనా" అన్నాను. అంతే. కాదు అనలేదు. నీ తప్పు కాదు అన్న మూడు మాటలు నా నోట్లో నుంచి రాలేదు. ఎందుకంటే ఆ మూడు మాటలంటే, మరి ఎవరిది అని నాలుగోది వస్తాది. ఆయన చేతిలో నా తప్పు ఉంది, తన తప్పనుకుని మోస్తాండాడు. నేను చూస్తా ఉండినాను. తేలికగా కూడా అనిపించింది ఒక్క క్షణం. దేవుడా, అనిపించింది.

ఎనిమిది నెలలకు పోయినాడు. బీడీల సంగతి చివర్లో భార్యకి చెప్పుకున్నాడంట. ఆమె ఆ మాట మీద ఆయనని తిట్టుకుంటా ఉందని కూతురు చెప్పింది. "సచ్చినోడు, బీడీ లేకుండా ఉండలేకపాయె" అని ఇప్పటికీ అంటుందంట.

ఆ మాట విన్నాక ఆగలేకపోయినాను. ఒక సెలవు రోజు ఎమ్మిగనూరు బస్సెక్కినాను. చెప్పేయాలనే పోయినాను. బస్సులో మాటలన్నీ పేర్చుకున్యాను. వాళ్ల వీధిలో సగం మగ్గాలు ఆగిపోయినాయి, సగం ఆడుతున్నాయి. లక్ష్మమ్మ, ఆయన భార్య, గడపలో కూర్చుని నూలు చుడుతోంది. ఒకసారి ఆయనతో ల్యాబుకి వచ్చింది కాబట్టి, నన్ను గుర్తు పట్టి లేచింది. నేను నోరు తెరవక ముందే పక్కింటివాళ్లని పిలిచి, "మా ఆయన రక్తం సూసిన ఆదోని పాప ఈమే, కన్నబిడ్డ మాదిరి సూసుకునె" అని చెప్పింది. టీ ఇచ్చింది. తాగినాను. ఎండల గురించి మాట్లాడినాం. ఆమె బీడీల సంగతి ఎత్తి తిట్టింది. నేను టీ గ్లాసు కింద పెట్టి, "పోయొస్తా అమ్మా" అన్నాను. ఇంత సిగ్గు లేని మనిషిని నేనెక్కడా చూడలేదు. అద్దంలో తప్ప.

ఇప్పుడు నేను చాలా కచ్చితమైన మనిషిని. రక్తంలో చిన్న తేడా కనిపించినా మళ్లీ తీస్తాను. ఒకే నంబరు రెండుసార్లు వస్తే మూడోసారి చేయిస్తాను. సారు ముందే సంతకాలు పెట్టిపోతానంటే ఒప్పుకోను. రిపోర్టు చూపించి పెట్టించుకుంటాను. జనం నన్ను తిట్టుకుంటారు, ఈయమ్మ రెండుసార్లు గుచ్చుతాదని. కొత్తగా చేరినవాళ్లకి సారు నన్ను చూపించి, ఇట్లా ఉండాల అంటాడు. విన్నప్పుడల్లా కంపరం. తప్పు చేసి నేర్చుకున్న మంచితనానికి మెప్పు రావడం కంటే శిక్ష ఏముంటుంది అని ఒకసారి అనుకున్యాను. వెంటనే నా మీద నాకు మళ్లీ విసుగొచ్చింది. శిక్షంట! జీతం తీసుకుంటా, మెప్పు తింటా, దాన్ని శిక్ష అని పిలుచుకుంటా ఉండాను. రంగప్పది శిక్ష. లక్ష్మమ్మది శిక్ష, చచ్చిపోయిన మొగుణ్ణి ఆయన తెచ్చుకోని జబ్బుకి తిట్టుకుంటా బతకడం.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీ దగ్గర అది లేదు. ఉన్నవాళ్లలో ఒకరు పోయినారు, ఇంకొకరికి నేను చెప్పలేదు. చెప్తానా? ఇక్కడ మీకు మాట ఇస్తే బాగుంటుంది, చదవడానికి. ఇవ్వను. బస్సెక్కినదాన్ని టీ తాగి వచ్చినాను. నా మాటకి ఎంత విలువో నాకు తెలుసు.

అందుకే ఇక్కడ, ఎవరూ టీ ఇవ్వని చోట, రాస్తాండాను. ఆ మంగళవారం రంగప్పకి ఇచ్చిన రిపోర్టు దొంగది. ఆ రక్తానికి పరీక్ష జరగలేదు. ఆ అంకె వేసింది నేను. అడిగిన మనిషిని నలుగురిలో అవమానించింది నేను. బీడీలకి ఏ పాపమూ లేదు.

ఈ అయిదు మాటలు వరసగా ఒకచోట ఎప్పుడూ పెట్టలేదు, మనసులో కూడా. పెట్టి చూస్తే చాలా చిన్నవిగా ఉన్నాయి. పొద్దున కూర్చున్నదాన్ని, మధ్యాహ్నం రెండు దాటింది. పొయ్యి మీద అన్నం చల్లారిపోయింటాది. ఆకలి అవుతాంది నాకు. ఇది రాయడానికి కూడా సిగ్గుగానే ఉంది గానీ, నిజం కాబట్టి రాస్తాండాను. చాలా రోజుల తర్వాత నాకు గట్టిగా ఆకలి అవుతాంది.